సేవకు రమ్మని అడిగింది ఎవరు?

గత నెలలో మా కార్యాలయానికి రెండు రోజుల తేడాతో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది ఒక స్టాఫ్ నర్సు రాశారు. వయసు ముప్పై ఒకటి. కోస్తాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎనిమిదేళ్లుగా పసిపిల్లల ఐ.సి.యు.లో పని చేస్తున్నారు. ఆఫ్రికాలోని ఏదైనా పేద దేశంలో రెండేళ్లు సేవ చేయాలన్న కోరిక చాలాకాలంగా తన ప్రార్థనల్లో ఉందనీ, ఎవరికి రాయాలో, ఎలా వెళ్లాలో చెప్పమనీ అడిగారు.

రెండవ ఉత్తరం ఒక తండ్రిది. డిగ్రీ పూర్తయిన కొడుక్కి ఐక్యరాజ్యసమితిలో వాలంటీరు ఉద్యోగం ఇప్పిస్తామని వాట్సాప్‌లో పరిచయమైన వ్యక్తి నమ్మబలికాడు. రిజిస్ట్రేషన్‌కని, వీసాకని, ఇన్సూరెన్సుకని మూడు విడతల్లో డబ్బు కట్టించుకున్నాడు. నియామక పత్రం మీద నీలిరంగు ముద్ర కూడా ఉంది. ప్రతి మెసేజి చివర ఆ వ్యక్తి ఒక బైబిలు వాక్యం పెట్టేవాడట. ఇప్పుడు ఆ ఫోను పనిచేయడం లేదు.

మొదటి ఉత్తరం చదివి సంతోషించాము, రెండవది చదివి బాధపడ్డాము. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలిసింది. పరదేశంలో సేవ చేయాలనుకునే బిడ్డలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వారిని ఎవరు ఎంపిక చేస్తారు, ఏ పనికి ఎవరు సరిపోతారని ఎలా తేలుస్తారు అన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ తెలియని చోటే మోసగాళ్లకు బేరం కుదురుతోంది.

ఇది మాట్లాడుకోవలసిన సమయం కూడా. ఐక్యరాజ్యసమితి ఈ 2026ను సుస్థిర అభివృద్ధి కోసం అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా ప్రకటించింది. ఇలాంటి సంవత్సరం ఇంతకుముందు 2001లో జరిగింది. (మన ఆంధ్రలో వాలంటీరు అనగానే 2019లో వచ్చిన గ్రామ వాలంటీరు, యాభై ఇళ్లు, ఐదు వేల గౌరవ వేతనం గుర్తుకొస్తాయి. మేము మాట్లాడుతున్నది ఆ వాలంటీరు గురించి కాదు.) కానీ ఈ సంవత్సరం వచ్చిన సమయమే ఇబ్బందిగా ఉంది. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యు.ఎస్. ఎయిడ్ 2025 జూలై 1 నాటికి మూతపడింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న విదేశీ సహాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానని చెప్పింది. సహాయం తగ్గిన చోట క్లినిక్కులు మూతపడతాయి, స్థానిక నర్సుల జీతాలు ఆగిపోతాయి. అప్పుడు వాలంటీర్లతో సరిపెట్టుకుందాం అన్న మాట సహజంగానే వస్తుంది. ఆ మాటను మన సంఘాలు తొందరపడి మెచ్చుకోకూడదు. జీతం ఇవ్వలేక ఇంటికి పంపిన స్థానిక నర్సు కుర్చీలో పరాయి దేశపు వాలంటీరును కూర్చోబెడితే, ఆ సేవ ఖరీదు ఆ నర్సు కుటుంబం చెల్లిస్తుంది.

అసలు ఈ ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. బయటినుంచి చూస్తే, ఉత్సాహం ఉన్నవారి పేర్లు రాసుకుని ఖాళీ ఉన్న దేశానికి పంపిస్తారు అనిపిస్తుంది. మంచి సంస్థల్లో జరిగేది దీనికి తలకిందులు. ముందు పని పుడుతుంది, తర్వాత మనిషిని వెతుకుతారు. జర్మనీలోని బాన్ నగరం కేంద్రంగా పనిచేసే యు.ఎన్. వాలంటీర్స్ సంస్థనే తీసుకోండి. 1970లో ఏర్పడింది. 2022లో ఆ సంస్థ ద్వారా క్షేత్రంలో పనిచేసినవారు 12 వేలకు పైమాటే. అందులో ఎక్కువమంది పేద, మధ్యస్థ దేశాలవారే. మనిషి కావలసిన కార్యాలయం ముందుగా ఒక పని వివరణ రాస్తుంది. ఏ ఊరు, ఏ పని, ఎవరి కింద, ఏ భాష కావాలి, ఎన్నేళ్ల అనుభవం ఉండాలి, ఎన్ని నెలలు, కుటుంబాన్ని వెంట తీసుకెళ్లవచ్చా లేదా, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆసక్తి ఉన్నవారు సంస్థ వెబ్‌సైటులో తమ వివరాలు పెట్టి ఆ పనికి దరఖాస్తు చేస్తారు. సరిపోతారనిపించిన కొద్దిమందిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. తర్వాత రెఫరెన్సులు, వైద్య పరీక్ష. వెళ్లినవారికి జీతం ఉండదు. బతకడానికి నెలసరి భత్యం, ప్రయాణ ఖర్చులు, వైద్య బీమా ఇస్తారు. దరఖాస్తు మొదలు విమానం ఎక్కేదాకా ఏ దశలోనూ అభ్యర్థి నుంచి ఒక్క రూపాయి తీసుకోరు. ఆ తండ్రికి ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

మన ఇళ్లలో సంబంధాలు చూసినట్టే ఇదీ. పిల్ల మంచిది, పిల్లవాడు మంచివాడు అన్నంత మాత్రాన సంబంధం కుదరదు కదా. ఆఫ్రికాకు వెళ్తాను అనే నర్సుకు ఎన్ని చిక్కులుంటాయో ఆలోచించండి. ఖండం ఒక్కటే అయినా సెనెగల్‌లో ఫ్రెంచి కావాలి, మొజాంబిక్‌లో పోర్చుగీసు కావాలి. ఇంగ్లీషుతో నెట్టుకురాగల దేశంలో కూడా, బిడ్డకు జ్వరం ఎప్పటినుంచో చెప్పే తల్లి మాట్లాడేది ఆమె సొంత భాషే. రోగిని ముట్టుకోవాలంటే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి కావాలి. మన నర్సుకు వెంటిలేటరు చూడడంలో ఎనిమిదేళ్ల నేర్పు ఉంది, అక్కడి వార్డులో వెంటిలేటరే ఉండకపోవచ్చు. అక్కడివారు అడిగేది మరో పని చేసే చెయ్యి కాకుండా, తమ నర్సులకు నేర్పగల మనిషి కావచ్చు. పని చేయడం వేరు, నేర్పడం వేరు. ఇంట్లో భర్త, పిల్లలు, వయసుమీరిన అత్తమామలు ఉంటే ఆ లెక్క మరొకటి. ప్రైవేటు ఆసుపత్రి రెండేళ్ల సెలవు ఇవ్వదు, రాజీనామా చేయమంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వడానికే నెలలు తిప్పించుకునే యాజమాన్యాలు ఉన్నాయని మన నర్సు సోదరీమణులకు చెప్పనక్కరలేదు.

ఈ జాగ్రత్తలన్నీ సంస్థలకు పుట్టుకతో వచ్చినవి కావు. 1958లో బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ బిషప్ లాన్సెలాట్ ఫ్లెమింగ్ పేరుతో సండే టైమ్స్ పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. స్కూలు చదువు ముగించి యూనివర్సిటీలో చేరేలోగా ఖాళీగా ఉండే యువకులను విదేశాల్లో సేవకు పంపవచ్చు కదా అన్నది అందులోని ఆలోచన. దాని వెనక ఉన్నవారు అలెక్ డిక్సన్, ఆయన భార్య మోరా డిక్సన్. వి.ఎస్.ఓ. అని నేడు ప్రపంచమంతా పిలిచే సంస్థ అలా పుట్టింది. మొదట వెళ్లినవారు పద్ధెనిమిదేళ్ల పిల్లలు. ఉత్సాహం తప్ప చేతిలో ఏ వృత్తీ లేదు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1962లో, డిగ్రీ చదివినవారిని పంపడం మొదలైంది. కాలం గడిచేకొద్దీ అనుభవం ఉన్న ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజినీర్లే కావాలని కోరే దేశాలు ఎక్కువయ్యాయి, కుర్రవాళ్లను పంపడం ఆగిపోయింది. ఇంకో మలుపు కూడా తిరిగింది. కెన్యా, ఫిలిప్పీన్స్, భారత్ వంటి దేశాలనుంచే వాలంటీర్లను తీసుకుని ఇతర దేశాలకు పంపసాగారు. ఒకప్పుడు వాలంటీర్లను అందుకున్న మన దేశం పంపే వరసలోకి కూడా వచ్చింది. కొంతకాలం మనం రెండు వైపులా నిలబడ్డాం.

అందుకున్న కాలం గురించి కూడా కొంచెం చెప్పాలి. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961లో ప్రారంభించిన పీస్ కోర్ ఆ ఏడాదే భారత్‌కు వచ్చింది, 1976 వరకూ ఉంది. వచ్చినవారిలో చాలామంది అప్పుడే డిగ్రీ పట్టా పుచ్చుకున్నవారు. కోళ్ల పెంపకం, వ్యవసాయం కొన్ని వారాల శిక్షణలో నేర్చుకుని, తరతరాలుగా మట్టిలో బతికిన రైతుకు చెప్పడానికి వచ్చారు. వారిలో మంచి మనసుకు కొరత లేదు. పనికీ మనిషికీ పొంతనే చాలాచోట్ల కుదరలేదు. ఒక్కరి సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ 1966లో, 68 ఏళ్ల వయసులో, పీస్ కోర్ వాలంటీరుగా బొంబాయి దగ్గరి విక్రోలికి వచ్చారు. ఆమె వృత్తి నర్సు. మొదట అప్పగించింది కుటుంబ నియంత్రణ ప్రచారం. ఆమె మనసూ చెయ్యీ కుదిరింది మాత్రం క్లినిక్కులో, రోగుల మధ్య. రిటైరైన తర్వాత ఇక మనవల్ని ఎత్తుకోవడమే అని కూర్చున్న మన సంఘాల్లోని టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు ఆమె వయసును ఒకసారి గమనించాలి. వాలంటీరు అనగానే యువజన కూటం వైపే చూడడం మన అలవాటు. అవతలివారు ఎక్కువగా అడుగుతున్నది అనుభవాన్ని.

పొంతన కుదరడం, కుదరకపోవడం మన తెలుగు సంఘాల చరిత్రలోనే ఉంది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పేరు గుంటూరువారికి చెప్పనక్కరలేదు. పరదాల చాటున ఉండే స్త్రీలకు వైద్యం చేసే మహిళా డాక్టరు కావాలని ఇక్కడ పనిచేస్తున్న మిషనరీ ఒకరు ఆమెకు ఉత్తరం రాశారు. పిలుపు ఇక్కడినుంచే వెళ్లింది. ఆమె సిద్ధమయ్యారు. పంపవలసిన లూథరన్ మహిళా సంఘం మాత్రం వైద్యసేవ మొదలుపెట్టడానికి తాము సిద్ధంగా లేమంది. డాక్టరు పట్టా ఉన్న మనిషిని 1883లో బడులు, జెనానా పని చూసేందుకు పంపారు. ఇక్కడి స్త్రీలకు కావలసింది డాక్టరు, వచ్చింది డాక్టరు, మధ్యలో ఉన్న కమిటీ రాసిన కాగితంలో మాత్రం ఆమె టీచరు! ఆమె తనతో తెచ్చుకున్న వైద్య సామగ్రితో, అప్పగించిన పని చేస్తూనే రోగులను చూశారు. 1885లో గాని ఆమెను వైద్య మిషనరీగా గుర్తించలేదు. గుంటూరులో ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఆమె పట్టుదలను మనం శతాబ్దంగా పొగుడుతున్నాము, పొగడాలి కూడా. కానీ ఆ రెండేళ్లలో డాక్టరు ఊళ్లోనే ఉండి కూడా వైద్యం అందని స్త్రీలు ఎందరు ఉండి ఉంటారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఒంగోలులో దీనికి ఎదురు కథ జరిగింది. జాన్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలోని మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశారు. ఇక్కడికి వచ్చింది సువార్త పనికి. ఆయన గొలుసు పట్టి నేల కొలిచే విద్య ఎవరికీ అక్కరలేదు. 1876-78 కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చూశారు. ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. ఎక్కడో నేర్చి పక్కన పెట్టిన విద్య సరిగ్గా అవసరమైన రోజున చేతికొచ్చింది. 1878 జూలైలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మనవాళ్లందరికీ తెలుసు. దానికి ముందున్న కాలువ మట్టి పని గురించి ప్రసంగాల్లో తక్కువ వింటాము.

ఇక అందుకునే చోట మన సొంత ఇంటి సంగతి. ఇది కొందరికి కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాము. ఏటా శీతాకాలంలో విదేశీ బృందాలు మన పిల్లల హోములకు వస్తాయి. పది రోజులు ఉంటారు. పిల్లలకు పాటలు నేర్పిస్తారు, గోడలకు రంగులు వేస్తారు, ఫోటోలు దిగుతారు, ఏడుస్తూ వెళ్లిపోతారు. వచ్చేవారిలో చాలామంది నిజంగా ప్రేమగలవారే. కానీ ఆ గోడకు రంగు వేసే పెయింటరు మన వీధిలోనే ఉన్నాడు, అతనికి ఆ వారం కూలి లేదు. అంతకంటే పెద్ద ప్రశ్న పిల్లలది. ఎవరో వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని పదో రోజున మాయమవడం ఒక బిడ్డ జీవితంలో ఏడాదికి ఎన్నిసార్లు జరగవచ్చు? నేపాల్, కంబోడియా దేశాల్లో అనాథలు కాని పిల్లలను, తల్లిదండ్రులు బతికుండగానే, సందర్శకుల కోసం హోముల్లో నింపిన ఉదంతాలు బయటపడ్డాయి. ఆస్ట్రేలియా పార్లమెంటరీ కమిటీ 2017లో ఆధునిక బానిసత్వంపై ఇచ్చిన నివేదికలో దీన్ని అక్రమ రవాణాతో ముడిపెట్టి చూసింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల్లో వాలంటీరు కార్యక్రమాలవల్ల పిల్లలకు కలిగే హాని గురించి తన తీర్మానంలో ప్రస్తావించింది. మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను ఉంచుకునే ప్రతి హోమూ రిజిస్టరు కావాలి. మీ సంఘం నడిపే హోము రిజిస్టరు అయిందా? వచ్చే బృందంలోని వారి పూర్వాపరాలు ఎవరైనా విచారించారా? ఈ రెండు ప్రశ్నలూ వచ్చే కమిటీ మీటింగులో అడగండి. ఆతిథ్యానికి లోటు రానివ్వవద్దు, కానీ ఏం కావాలో మనం ముందుగా రాసి పంపుదాం. మనకు అకౌంట్లు సరిదిద్దే మనిషి కావాలంటే అదే అడుగుదాం. వినికిడి లోపం ఉన్న పిల్లలకు నేర్పే టీచరు మూడు నెలలు కావాలంటే అది అడుగుదాం. వచ్చేవారు ఏం చేయాలనుకుంటున్నారో అది చేయనిస్తూ పోతే, రేపు మన బిడ్డలు మరో దేశానికి వెళ్లినప్పుడు కూడా అదే చేస్తారు.

మన బిడ్డలు వెళ్లేటప్పుడు సంఘం చేయగల పని ఒకటి ఉంది. దాన్ని మనం చాలా తేలిగ్గా తీసుకుంటున్నాము. అదే రెఫరెన్సు ఉత్తరం. దరఖాస్తుదారు ఎలాంటివారో చెప్పమని సంస్థలు అడిగినప్పుడు చాలామంది యువతీయువకులు పాస్టరుగారి పేరు ఇస్తారు. పాస్టరుగారు ఏం రాస్తారు? భయభక్తులుగలవాడు, వినయశీలి, క్వయర్‌లో పాడతాడు. అన్ని ఉత్తరాలూ ఒకే అచ్చు. సంస్థ తెలుసుకోవాలనుకునేది వేరు. ఈ మనిషి కోపం వస్తే ఎలా ఉంటాడు? తనకంటే వయసులో చిన్న అధికారి, అందునా స్త్రీ, పని చెబితే వింటాడా? ఒంటరితనం తట్టుకోగలడా? పిల్లల దగ్గర ఇతన్ని ఒంటరిగా వదలవచ్చా? వీటికి నిజం తెలిసినవాడు సంఘ కాపరి. నిజం రాస్తే ఆ కుటుంబం నొచ్చుకుంటుందని, కానుకలు తగ్గుతాయని జంకి పొగడ్త రాస్తే, ఆ కాగితం ఎక్కడో తెలియని ఊళ్లో, ఆ మనిషిని నమ్మి తలుపు తీసినవారి మీదికి వెళ్తుంది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో భోజనం వడ్డించే పనికి ఏడుగురిని ఎన్నుకున్నప్పుడు కూడా ముందు పని ఏమిటో తేల్చారు, తర్వాత ఎలాంటివారు కావాలో చెప్పారు, తర్వాతే సంఘం పేర్లు ఇచ్చింది. ఆ వరస మన కమిటీలకు ఇప్పటికీ పనికొస్తుంది.

తిరిగి వచ్చినవారి మాట కూడా చెప్పాలి. రెండేళ్లకని వెళ్లి ఏడు నెలలకే వచ్చేసినవారు ఉంటారు. జబ్బు చేయవచ్చు, యుద్ధం రావచ్చు, పై అధికారితో పడకపోవచ్చు, అసలు పనే తప్పు కుదిరి ఉండవచ్చు. మన దగ్గర అలా వచ్చినవారిని ఆదివారం ఆరాధన తర్వాత చుట్టూ చేరి, ఏమ్మా, ఎందుకు వచ్చేశావ్ అని గుచ్చి గుచ్చి అడుగుతారు. వారి తల్లిదండ్రులు రెండు వారాలు చర్చికి రావడం మానేస్తారు. ఫిలిప్పీ సంఘం పౌలు దగ్గరకు పంపిన ఎపఫ్రొదితు జబ్బుపడి చావు అంచులదాకా వెళ్లి తిరిగి రావలసి వచ్చింది. అతన్ని సంతోషంతో చేర్చుకొని, ఘనపరచమని పౌలు ప్రత్యేకంగా రాశాడు. మధ్యలో వెనుదిరిగిన మార్కు తర్వాత అదే పౌలుకు ఎంత అవసరమయ్యాడో కూడా మనం చదువుకున్నదే.

ఆ నర్సు సోదరికి మేము జవాబు రాశాము. యు.ఎన్. వాలంటీర్స్‌లో అంతర్జాతీయ నిపుణులుగా వెళ్లడానికి 27 ఏళ్లు నిండి, తగిన వృత్తి అనుభవం ఉండాలి, ఆమెకు రెండూ ఉన్నాయి. వివరాలు వారి సొంత వెబ్‌సైటులోనే పెట్టమన్నాము, మధ్యవర్తి ఎవరు వచ్చినా, ఎంత భక్తిగా మాట్లాడినా, డబ్బు అడిగితే అక్కడితో ఆపేయమన్నాము. జీతం మీద విదేశీ ఉద్యోగమే కావాలంటే అది తప్పేమీ కాదని, దానికి ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయని, సేవ పేరుతో ఉద్యోగాన్నీ ఉద్యోగం పేరుతో సేవనూ కలపవద్దని రాశాము. ఈలోగా తన వార్డులో కొత్తగా చేరిన నర్సులకు వారానికి ఒక గంట పాఠం చెప్పడం మొదలుపెట్టమని, వెంటిలేటరు లేని చోట బిడ్డను ఎలా నిలబెట్టాలో ముందు జిల్లా ఆసుపత్రిలో పనిచేసే స్నేహితురాళ్లను అడిగి తెలుసుకోమని కూడా రాశాము.

ఆ తండ్రికి రాయడం కష్టమైంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఉన్న రసీదులన్నీ పోలీసులకు ఇమ్మన్నాము. ఫిర్యాదు చేస్తే సంఘంలో పరువు పోతుందని ఆయన వెనకాడుతున్నారు. వారి పాస్టరుగారితో మాట్లాడాము. ఫిర్యాదు ఇవ్వడానికి తాను కూడా వెంట వెళ్తానని ఆయన అన్నారు.